పిల్లల ముక్కు అలర్జీ, పాడైన నిద్ర: సిరప్పా, స్ప్రేనా, ఉప్పునీళ్లా, పరుపు తొడుగా?

రాత్రి రెండింటికి లేచి పిల్లల గదిలోకి ఓసారి తొంగిచూడండి. నోరు తెరుచుకుని ఉందా? మెడ వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి పడుకున్నారా? దిండు గలీబు మీద నోటి దగ్గర తడి మరక ఉందా? ఐదు నిమిషాలు అక్కడే నిలబడితే మిగతాదీ కనిపిస్తుంది: ముక్కు ఎగబీల్చడం, పక్క మారడం, కాసేపు గురక, మళ్లీ పక్క మారడం. పొద్దున అడిగితే "బాగానే పడుకున్నా" అంటారు. అబద్ధమేమీ కాదు. ఆ చిన్న చిన్న మెలకువలు ఎవరికీ గుర్తుండవు.

ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో మొదట జరిగేది మందుల షాపుకెళ్లి జలుబు సిరప్ తేవడం. తాగిన అరగంటకు పిల్లాడు మత్తుగా ఒరిగిపోతాడు, మందు పనిచేసిందనుకుంటాం. లెక్క తప్పేది ఇక్కడే. నిద్రపుచ్చింది మందు మత్తు. ముక్కు మూసుకున్నది మూసుకున్నట్టే ఉంది. కాబట్టి ఏ మందు ఎంచుకున్నా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది రాత్రి ముక్కు తెరుస్తుందా, లేక పిల్లల్ని మత్తులో ఉంచుతుందా?

## రాత్రే ఎందుకు ఎక్కువ

ముక్కు లోపలి పక్కగోడలకు మెత్తని మడతలుంటాయి. వాటి నిండా రక్తనాళాలే. అలర్జీలో అవి ఉబ్బుతాయి. నిలబడినప్పుడు కొంత తగ్గే ఆ ఉబ్బు, పడుకోగానే రక్తం అటు చేరడంతో పెరుగుతుంది. దానికితోడు వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ హార్మోను అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తక్కువగా ఉంటుంది. ఇక పరుపు, దిండు, దుప్పటి అయితే దుమ్ముపురుగులకు పుట్టిల్లే. ఈ పురుగులు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు, కంటికి కనిపించవు. మనం రాల్చే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. అలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి రెట్ట. పిల్లలు ఎనిమిది తొమ్మిది గంటలపాటు ముఖం పెట్టుకుని పడుకునేది అందులోనే.

ముక్కు మూసుకుంటే నోటితో పీలుస్తారు. గొంతు ఎండిపోతుంది, నాలుక వెనక్కి జారుతుంది, గురక మొదలవుతుంది, నిద్ర తునకలు తునకలవుతుంది. పెద్దవాళ్లయితే మర్నాడు తూగుతారు. చిన్నపిల్లలు తూగరు. చికాకు పడతారు, ఒకచోట కుదురుగా కూర్చోరు, చెప్పింది వినరు. వయసు పిల్లలు మొదటి పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చేస్తారు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9–12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8–10 గంటలు నిద్ర కావాలన్నది అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సలహా. అన్ని గంటలూ పక్క మీదే ఉన్నా ముక్కు దిబ్బడతో గడిస్తే అది నిద్ర లెక్కలోకి రాదు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

ఏ లక్షణం నిద్ర చెడగొడుతోంది? తుమ్ములు, దురద, నీళ్లలా కారడం ఒక రకం. దిబ్బడ మరో రకం. మొదటి రకానికి మాత్ర బాగా పనిచేస్తుంది, రెండోదానికి అంతంత మాత్రమే. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

వారానికి ఎన్ని రోజులు? ముక్కు అలర్జీకి ఏరియా (ARIA) అనే అంతర్జాతీయ మార్గదర్శకం లెక్క ఇది: వారానికి 4 రోజులకు తక్కువైనా, వరుసగా 4 వారాలకు తక్కువైనా అప్పుడప్పుడూ వచ్చేది, రెండూ దాటితే వదలనిది. అదే మార్గదర్శకం ప్రకారం నిద్ర చెడిపోతోందంటే చాలు, ఆ అలర్జీ 'స్వల్పం' కాదు, 'మధ్యస్థం నుంచి తీవ్రం' కిందికి వస్తుంది. "కాస్త ముక్కు దిబ్బడే కదా" అని తీసిపారేయలేం.

వయసెంత? కొన్ని స్ప్రేలకు 2 ఏళ్లు నిండాలి, కొన్నిటికి 4, కొన్నిటికి 6.

మర్నాడు ఏముంది? ఎల్‌కేజీ పిల్లకు మత్తు వేరు, ఈఏపీసెట్‌కు (పాత ఎంసెట్) చదివే కుర్రాడికి మత్తు వేరు.

ఎన్నాళ్లు ఆగగలరు? ఈ రాత్రికే ఫలితం కావాలంటే ఒక మందు, రెండు వారాలు ఓపిక పడతామంటే ఇంకొకటి.

రోజూ చేయించేదెవరు? ఆరేళ్ల పిల్లకు అమ్మ చేయిస్తుంది. హాస్టల్లో ఉన్న ఇంటర్ కుర్రాడు తనకు తానే చేసుకోవాలి. చేయనిది ఎంత మంచి మందైనా దండగ.

## అసలు అలర్జీయేనా?

అలర్జీ అయితే రెండు ముక్కుపుటాలకూ బాధ ఉంటుంది, దురద ఉంటుంది, జ్వరం ఉండదు. కళ్ల కింద నల్లచారలు, అరచేత్తో ముక్కును పైకి రుద్దే అలవాటు, దానివల్ల ముక్కు మీద పడే అడ్డగీత దానికి గుర్తులు. ఒక పక్క నుంచే చీము, దుర్వాసన వస్తుంటే చిన్నపిల్లల్లో ముందు అనుమానించాల్సింది లోపల ఇరుక్కున్న పూసనో, శనగగింజనో, స్పాంజి ముక్కనో.

వారంలో మూడు రాత్రులకు మించి గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగి ఒక్కసారి ఎగశ్వాస, ఆరేళ్లు దాటాక మళ్లీ పక్క తడపడం ఉంటే అది ఉత్త ముక్కు అలర్జీ అనుకుని ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు. అడినాయిడ్లు (ముక్కు వెనక ఉండే కండ), టాన్సిళ్లు పెరిగి నిద్రలో శ్వాసకు అడ్డం పడుతుండవచ్చు. రాత్రి దగ్గు, పిల్లికూతలు ఉంటే ఉబ్బసం సంగతి చూడాలి. ముక్కు అలర్జీ, ఉబ్బసం తరచూ జంటగానే ఉంటాయి.

## అన్నీ ఒకచోట

| మార్గం | దిబ్బడ మీద | తుమ్ములు, దురద మీద | ఫలితం ఎప్పుడు | మర్నాడు మత్తు | ముఖ్యమైన చిక్కు |
|---|---|---|---|---|---|
| ఉప్పునీళ్లు | కొంత | కొంత | వెంటనే, కాసేపే | లేదు | నీళ్లు శుభ్రంగా ఉండాలి |
| పాతతరం జలుబు సిరప్ | తక్కువ | బాగా | గంటలోపు | బాగా ఉంటుంది | నిద్ర నాణ్యత తగ్గుతుంది |
| కొత్తతరం అలర్జీ మాత్ర | తక్కువ | బాగా | 1–2 గంటలు | లేదు లేదా కొద్దిగా | దిబ్బడకు చాలదు |
| స్టెరాయిడ్ ముక్కు స్ప్రే | చాలా బాగా | బాగా | కొన్ని రోజులు, పూర్తిగా 2 వారాలు | లేదు | రోజూ వాడాలి, కొట్టే పద్ధతి కుదరాలి |
| దిబ్బడ తీసే చుక్కలు | వెంటనే, గట్టిగా | లేదు | నిమిషాల్లో | లేదు | 3–5 రోజులు దాటితే ఎదురుతిరుగుతుంది |
| మాంటెలుకాస్ట్ | కొంత | కొంత | కొన్ని రోజులు | లేదు | పీడకలలు, మనసు మీద ప్రభావం |
| పరుపు, గది శుభ్రత | మెల్లగా | మెల్లగా | వారాలు | లేదు | ఒక్క పనితో చాలదు |
| ఇమ్యునోథెరపీ | బాగా | బాగా | నెలలు | లేదు | 3–5 ఏళ్ల నిబద్ధత |

## స్టెరాయిడ్ ముక్కు స్ప్రే

దిబ్బడతో నిద్ర చెడే పిల్లల్లో చాలామందికి మొదట నిలబడాల్సింది ఇదే. మన ఇళ్లలో చివరికి మిగిలేదీ ఇదే, 'స్టెరాయిడ్' అన్న మాటకు జంకి. స్ప్రేలో ఉండేది మైక్రోగ్రాముల్లో, పనిచేసేది ముక్కు పొరమీద. మోమెటాసోన్, ఫ్లుటికాసోన్ ఫ్యూరోయేట్ రక్తంలోకి చేరేది చాలా స్వల్పం.

మోమెటాసోన్ ఒక పఫ్‌లో 50 మైక్రోగ్రాములు ఉంటుంది. 2–11 ఏళ్ల వారికి మామూలుగా రాసేది ఒక్కో పుటంలో రోజుకు ఒక పఫ్, 12 ఏళ్లు దాటితే రెండేసి. ఫ్లుటికాసోన్ ఫ్యూరోయేట్ పఫ్‌కు 27.5 మైక్రోగ్రాములు, అదీ 2 ఏళ్ల నుంచి. ఫ్లుటికాసోన్ ప్రొపియోనేట్ 4 ఏళ్ల నుంచి, బుడెసోనైడ్ 6 నుంచి. మోతాదు డాక్టరు రాసిందే వాడాలి. ఈ అంకెలు చీటీ చదువుకోవడానికి.

పొడవు పెరగడం మీద ప్రభావం ఉండదా అన్నది న్యాయమైన ప్రశ్న. పాతదైన బెక్లోమెథాసోన్‌తో పెరుగుదల కొంత మందగించినట్టు తేలింది. ఫ్లుటికాసోన్ ఫ్యూరోయేట్ ఏడాది పాటు రోజూ వాడిన పిల్లల్లో తేడా ఏడాదికి దాదాపు 3 మిల్లీమీటర్లు. మోమెటాసోన్‌తో ఏడాది అధ్యయనంలో తేడా కనిపించలేదు. నెలల తరబడి వాడాల్సి వస్తే మూడు నాలుగు నెలలకోసారి గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు రాసుకోండి. ఉబ్బసానికి పీల్చే స్టెరాయిడ్ కూడా వాడుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి, రెండూ కలిపి లెక్కించాల్సి ఉంటుంది.

"స్ప్రే వాడాం, పనిచేయలేదు" అనే వాళ్లలో చాలామంది దగ్గర తప్పు మందులో ఉండదు, చేతిలో ఉంటుంది. పద్ధతి ఇది:

1. సీసా ఊపండి. కొత్త సీసా అయితే సన్నని తుంపర వచ్చేదాకా, లేబుల్ మీద చెప్పినన్నిసార్లు గాల్లోకి కొట్టండి.
2. ముక్కు మెల్లగా చీదాలి. బాగా బిగుసుకుపోయి ఉంటే ముందు ఉప్పునీళ్లు వాడి, 10–15 నిమిషాలు ఆగాలి. స్ప్రే కొట్టాక ఉప్పునీళ్లు పోస్తే మందు కాస్తా కొట్టుకుపోతుంది.
3. తల కొంచెం ముందుకు వంచాలి. వెనక్కి వాల్చకూడదు.
4. కుడిచేత్తో ఎడమ పుటంలో, ఎడమచేత్తో కుడి పుటంలో కొట్టాలి. ఇలా చేస్తే సీసా మూతి దానంతటదే బయటివైపుకు, అదే వైపు కంటి చివరకు తిరుగుతుంది. మధ్యగోడకు తగలకూడదు.
5. నొక్కుతూ మెల్లగా పీల్చాలి, పువ్వు వాసన చూసినట్టు. గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి పోతుంది. గొంతులో రుచి తగిలిందంటే జరిగింది అదే.

ముక్కు నుంచి రక్తపు చారలు వస్తుంటే దాదాపు ఎప్పుడూ కారణం నాలుగో మెట్టులో ఉంటుంది: మధ్యగోడ మీదే రోజూ కొట్టడం. రెండు మూడు రోజులు ఆపి, కోణం సరిచేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. రక్తం ధారగా వచ్చినా, పదేపదే వచ్చినా చూపించండి.

పొద్దునా, రాత్రా అన్నది పెద్ద విషయం కాదు. పళ్లు తోముకునే బ్రష్ పక్కనే పెడితే మరిచిపోరు. రెండు రోజులు కొట్టి తగ్గలేదని ఆపేయడం, తగ్గిందని నాలుగో రోజే ఆపేయడం, ఈ రెండు తప్పులే ఎక్కువ.

## అలర్జీ మాత్రలు, సిరప్‌లు

ఇందులో రెండు తరాలున్నాయి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం ప్రమాదం.

పాతతరం అంటే క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, ప్రొమెథజైన్, హైడ్రాక్సిజైన్. ఇవి మెదడులోకి చేరతాయి, మత్తు అందుకే. ఆ మత్తులో కలలు వచ్చే దశ నిద్ర కుదించుకుపోతుంది. మత్తు మర్నాటి క్లాసుదాకా సాగుతుంది. చిన్నపిల్లల్లో ఒక్కోసారి దీనికి పూర్తిగా విరుద్ధంగా, నిద్రపోకుండా గంతులు కూడా వేయిస్తాయి. జలుబు సిరప్ సీసాల్లో క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ జంటగా ఉండటం మామూలు. ఆ జంట మందును 4 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. ఇంట్లో ఉన్న సీసా వెనకవైపు ఓసారి తిప్పి చదవండి.

చదువు మీద దీని దెబ్బ ఎంతో చూపే అధ్యయనం 2007లో బ్రిటన్‌లో వచ్చింది. 15–17 ఏళ్ల విద్యార్థులు 1,834 మందిని గమనించారు. పరీక్షల కాలంలో పుప్పొడి అలర్జీ లక్షణాలున్నవారిలో, నమూనా పరీక్ష కంటే అసలు పరీక్షలో గ్రేడు తగ్గే అవకాశం దాదాపు 40 శాతం ఎక్కువ. మత్తిచ్చే అలర్జీ మందు వేసుకున్నవారిలో అది 70 శాతం. మనకు ఇంటర్ పరీక్షలు మార్చి ప్రాంతంలో. అప్పుడు ముక్కు కారుతోందని ఎవరో చెప్పిన జలుబు మాత్ర వేసే ముందు ఈ అంకె గుర్తు తెచ్చుకుంటే చాలు.

కొత్తతరంలో సెట్రిజైన్, లెవోసెట్రిజైన్ కొందరికి కొద్దిగా తూగు తెస్తాయి. లొరటడిన్‌కు తక్కువ. ఫెక్సోఫెనాడిన్‌కు అన్నిటికంటే తక్కువ. లెవోసెట్రిజైన్ 6–11 ఏళ్లకు సాధారణంగా సాయంత్రం 2.5 మి.గ్రా., 12 దాటితే 5 మి.గ్రా. పరీక్ష రాసే పిల్లలకైతే ఫెక్సోఫెనాడిన్ గురించి డాక్టరును అడగడం మేలు. ఒక్క జాగ్రత్త: దాన్ని బత్తాయి, నారింజ, యాపిల్ రసంతో మింగితే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. మంచినీళ్లతోనే వేయాలి.

తుమ్ములు, కళ్ల దురదే ప్రధానమై, వారంలో ఒకటి రెండు రోజులే బాధపడే పిల్లలకు ఈ కొత్తతరం మాత్ర ఒక్కటే చాలు, స్ప్రే అక్కర్లేదు. కానీ దిబ్బడ ఉన్న పిల్లలకు నెలలకొద్దీ మాత్రలు వేస్తూ "అలర్జీ మందు వాడుతూనే ఉన్నాం" అనుకోవడం వృథా. స్ప్రే, మాత్ర రెండూ కలిపితే రెట్టింపు లాభమన్నది కూడా అపోహే. 12 ఏళ్లు పైబడినవారికి మొదట స్ప్రే ఒక్కటే ఇవ్వాలని 2017లో అమెరికా అలర్జీ నిపుణుల మార్గదర్శకం చెప్పింది.

## 'ఎల్‌సి' మాత్ర

పేరు చివర ఎల్‌సి అని ఉంటే సాధారణంగా అందులో మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజైన్ కలిసి ఉంటాయి. మన దగ్గర ఇది చాక్లెట్ పంచినట్టు పంచుతారు. మాంటెలుకాస్ట్‌తో పీడకలలు, నిద్ర చెడటం, చిరాకు, దిగులు, అరుదుగా ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2020 మార్చిలో అత్యంత తీవ్రస్థాయి హెచ్చరిక జారీచేసింది. ముక్కు అలర్జీకైతే మిగతా మందులు పనిచేయనప్పుడో, పడనప్పుడో మాత్రమే వాడమంది.

నిద్ర బాగుపడాలని వేసిన మాత్రే నిద్ర చెడగొట్టే అవకాశం ఉందంటే దాన్ని వరసలో మొదట ఎందుకు నిలబెట్టాలి? ఉబ్బసం కూడా ఉన్నవారి సంగతి వేరు, వాళ్లు సొంతంగా ఆపేయకూడదు. మాత్ర మొదలైన వారాల్లో పిల్లలు రాత్రి అరుస్తూ లేస్తున్నా, మనస్తత్వం మారినట్టనిపించినా డాక్టరుకు వెంటనే చెప్పండి.

## దిబ్బడ తీసే చుక్కలు

ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్. రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, పిల్లాడికి ప్రాణం లేచొస్తుంది. చిక్కు కూడా అందులోనే ఉంది. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికంటే గట్టిగా బిగుస్తుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ బిగింపు. దిండు కింద సీసా పెట్టుకుని పడుకునే కాలేజీ పిల్లలు తయారయ్యేది ఇలాగే.

పిల్లల చుక్కలు, పెద్దల చుక్కలు ఒకటి కావు. జైలోమెటాజోలిన్ పిల్లలకు 0.05 శాతం, పెద్దలకు 0.1 శాతం. సీసా చిన్నపిల్లల చేతికి అందకూడదు. కొద్దిగా తాగినా గుండె వేగం పడిపోయి స్పృహ తప్పవచ్చు.

## ఉప్పునీళ్లు

నష్టం లేనిది, ఇంట్లో చేసుకోగలిగింది. జలనేతి మనకు కొత్త కాదు. అర లీటరు నీళ్లకు ముప్పావు చెంచా ఉప్పు, అంటే దాదాపు నాలుగున్నర గ్రాములు. చిటికెడు వంటసోడా వేస్తే మంట తగ్గుతుంది. చెంచా అంటే 5 మి.లీ. మందు చెంచా, దాన్నిండా సమంగా. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా ముక్కు మండుతుంది, పిల్లలు రెండోసారి దగ్గరికి రానివ్వరు.

నీళ్లు మాత్రం కుళాయివీ, బోరువీ నేరుగా వాడకూడదు. కేరళలో 2024లో పిల్లల ప్రాణాలు తీసిన మెదడు అమీబా ముక్కు ద్వారానే లోపలికి వెళుతుంది, తాగితే కాదు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం మరిగించి, గోరువెచ్చగా చల్లార్చి వాడండి. సీసా రోజూ కడిగి ఆరబెట్టాలి. ఇంత ఓపిక లేకపోతే మందుల షాపులో దొరికే ఉప్పునీటి స్ప్రే నయం. నాలుగైదేళ్ల పిల్లలకు కూడా స్ప్రేయే సుఖం, ధార పోస్తే భయపడతారు.

ఆవిరి, ముక్కుకు రాసే బామ్ సంగతి రెండు ముక్కల్లో: మెంథాల్ వల్ల గాలి ఆడుతున్నట్టు అనిపిస్తుంది, ఉబ్బు మాత్రం తగ్గదు. కర్పూరం ఉన్న బామ్ రెండేళ్లలోపు వారికి వద్దు, ఏ వయసులోనూ పుటం లోపల రాయకూడదు. వేడినీళ్ల గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెడితే కాలే ప్రమాదం లాభం కంటే పెద్దది.

## పరుపు, గది

పరుపు తొడుగు కొంటే సరిపోతుందని అమ్మేవాళ్లు అంటారు. తొడుగు ఒక్కటే వేసి చేసిన పెద్ద పరిశోధనల్లో లక్షణాలు పెద్దగా తగ్గలేదు. పనిచేసేది కట్టగా చేసినప్పుడు:

- దిండుకు, పరుపుకు సందుల్లేని నేత ఉన్న, జిప్ తొడుగు. నేత సందులు 10 మైక్రాన్లకు తక్కువ ఉండాలి. ప్లాస్టిక్ షీటు పరిస్తే చెమట పట్టి నిద్ర ఇంకా చెడుతుంది.
- దుప్పటి, గలీబులు వారానికోసారి 55–60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకడం. చల్లనీళ్లు పురుగును చంపవు, రెట్టను కొంత కడుగుతాయి.
- ఉతకలేని బొమ్మలను కవరులో చుట్టి ఒకట్రెండు రోజులు డీప్‌ఫ్రీజర్‌లో ఉంచి, తీశాక దులపాలి. చచ్చిన పురుగు కూడా అలర్జీ తెస్తుంది కాబట్టి దులపడం తప్పదు.
- చలికాలం మొదట్లో అటక మీది రగ్గులు తీసి అదే రాత్రి కప్పకండి. ఆ వారంలో తుమ్ములు ఎందుకు ముదురుతాయో వేరే వెతకక్కర్లేదు.
- పరుపు ఎండలో వేయడం మంచిదే, పురుగులు చస్తాయి. కానీ దులిపే పని పిల్లలు లేనప్పుడు, ఇంటి బయట.

గాలిలో తేమ 50 శాతం దిగువన ఉంటే పురుగులు ఎండిపోతాయి. విశాఖలో, కాకినాడలో ఏసీ లేకుండా ఇది కుదిరే పని కాదు, దాని కోసం తల బాదుకోవద్దు. అనంతపురం, కర్నూలు వైపు గాలి పొడిగా ఉన్నా, ఎండాకాలం తడి కూలర్ పెట్టి ఆ మేలును చేజేతులా పోగొట్టుకుంటారు. గాలి శుద్ధి యంత్రం దుమ్ముపురుగుకు తక్కువ ఉపయోగం. ఆ రెట్ట బరువైనది, లేచిన కాసేపటికే కిందికి దిగిపోతుంది. పుప్పొడికి, పొగకు కొంత నయం. పడకగదిలో దోమల చక్రం, సాంబ్రాణి, అగరొత్తి మానితే ఖర్చు లేకుండానే తేడా కనిపిస్తుంది.

పెరుగు, అరటిపండు మాన్పించడం దుమ్ము అలర్జీకి మందు కాదు. ఎదిగే పిల్లల కంచంలోంచి ఉత్తపుణ్యానికి తీసేయకండి.

## ఇమ్యునోథెరపీ

అలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇస్తూ ఒంటికి అలవాటు చేసే చికిత్స ఇది: చర్మం కింద సూదులుగానో, నాలుక కింద చుక్కలు, మాత్రలుగానో 3–5 ఏళ్లు. సాధారణంగా 5 ఏళ్లు దాటాక మొదలుపెడతారు. స్ప్రే సరిగ్గా వాడినా ప్రతి ఏడాదీ బాధపడుతున్నవారికి, అలర్జీ దేనికో పరీక్షలో తేలి, అది లక్షణాలతో కుదిరినవారికే దీని విలువ. చర్మపరీక్షకు ముందు వారం పాటు అలర్జీ మాత్రలు ఆపాలి, ముక్కు స్ప్రే ఆపనక్కర్లేదు. వంద రకాల తిండి పదార్థాలకు ఒకే రక్తపరీక్ష అని పెద్ద చిట్టా ఇచ్చేవాటికి డబ్బు పెట్టవద్దు.

## ఎవరికి ఏది

3–5 ఏళ్లు, రాత్రి దిబ్బడ, నోటితో ఊపిరి: ఉప్పునీటి స్ప్రే, పరుపు పనులు, డాక్టరు రాస్తే 2 ఏళ్ల నుంచి వాడదగిన స్టెరాయిడ్ స్ప్రే. జలుబు సిరప్ వద్దు. గురక తగ్గకపోతే అడినాయిడ్లు చూపించాలి.

6–12 ఏళ్లు, వానాకాలంలో వయ్యారిభామ పూసినప్పుడే తుమ్ములు, కళ్ల దురద: కొత్తతరం మాత్ర చాలు. బయట ఆడి వచ్చాక స్నానం, తల తడుపుకోవడం, బట్టలు మార్చడం పడుకునే ముందే అయిపోవాలి.

హాస్టల్లో ఇంటర్ చదివేవారు: పొద్దున ఐదున్నరకే స్టడీ అవర్ అంటే నిద్ర ఆరేడు గంటలకు మించదు, ఉన్నది కూడా పోనివ్వకూడదు. స్ప్రే రోజుకోసారే కాబట్టి హాస్టల్‌కు బాగా కుదురుతుంది. ఇంటికొచ్చినప్పుడు మీ ముందే ఓసారి కొట్టించి చూడండి. జిప్ తొడుగు వేసిన దిండు ఒకటి ఇంటి నుంచి ఇచ్చి పంపండి, ఎందరు వాడారో తెలియని దిండు కంటే నయం. పరీక్షల నెలలో ఏ మందూ కొత్తగా మొదలుపెట్టకండి. స్ప్రే అయితే కనీసం రెండు వారాల ముందే మొదలవ్వాలి.

అమెరికాలో పెరుగుతున్న పిల్లలు: అక్కడ రుతువు తెలిసిన శత్రువు. రాగ్‌వీడ్ ఆగస్టు నుంచి మంచు పడేదాకా, టెక్సస్‌లో మౌంటెన్ సెడార్ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. సీజన్‌కు రెండు వారాల ముందు స్ప్రే మొదలుపెట్టి, ఆ రోజుల్లో కిటికీలు మూసి, ఉతికిన బట్టలు బయట ఆరేయకుండా ఉంటే పోరు సగం తగ్గుతుంది.

## రెండు వారాలు, ఒక నోటుపుస్తకం

ఏ మార్గం పట్టినా 14 రాత్రులు రాయండి: దిబ్బడ 0 నుంచి 3, నోరు తెరిచి పడుకున్నారా, ఎన్నిసార్లు లేచారు, పొద్దున లేపడానికి ఎన్నిసార్లు పిలిచారు. ఒకేసారి మూడు మందులు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కటే మార్చండి. బాగుపడితే ఎప్పుడు ఆపాలో, ఎలా తగ్గించాలో డాక్టరును అడగండి. రోజుకు రెండు పఫ్‌ల లెక్కన 120 పఫ్‌ల సీసా 60 రోజులు. ఆ తర్వాత అడుగున మందు కనిపిస్తున్నా పఫ్‌కు పడే మోతాదు సరిగ్గా ఉండదు, పారేయండి.

రెండు వారాలు పద్ధతిగా వాడినా రాత్రి మారకపోతే ముక్కు, చెవి, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు నోటుపుస్తకంతోపాటు ఫోన్‌లో ఒక వీడియో పట్టుకెళ్లండి. గది దీపం వెలిగించి, దుప్పటి తీసి, ముఖం, ఛాతీ, పొట్ట ఒకే ఫ్రేములో పడేలా, గురక వినిపించేలా రెండు నిమిషాలు. తెల్లవారుజామున నాలుగు, ఐదు మధ్య తీస్తే ఎక్కువగా దొరుకుతుంది. కన్సల్టేషన్ గదిలో చక్కగా కూర్చుని నవ్వే పిల్ల రాత్రి ఎలా ఊపిరి తీస్తుందో డాక్టరుకు చూపించే దారి అదే.